పిడికిలంత బలం ముద్ద

బలం ముద్ద ఎంత ఉండాలో కట్టే చేతికి తెలియదు, తినే పిడికిలికి తెలుస్తుంది. తినబోయే మనిషి చేయి పట్టుకుని పిడికిలి బిగించమనాలి. ఆ గుప్పిట్లో ఎంత పడుతుందో అంతే ముద్ద కట్టాలి. బాలింతకు ఒక కొలత, జ్వరం పడి లేచిన ముసలమ్మకు ఒక కొలత. తక్కెడ లేదు, గిన్నె లేదు. బాన్సువాడలో, బీడీలు చుట్టే మా వాడలో, ఈ ముద్దలు కట్టడంలో నా తరువాతే ఎవరైనా. ఈ మాట గర్వంగానే చెబుతున్నాను. నా గొంతు ఎట్లాగూ గరుకు, గర్వాన్ని మాత్రం మెత్తగా ఎందుకు చెప్పాలి?

నాకు నా పేరు రాయడం వరకే వచ్చు. నేను చెబుతుంటే మనవరాలు రాస్తోంది. నా మాటను పుస్తకం తీరుగా సాపు చేసుకో గానీ, అప్పుడు మేము అనుకున్న మాటలను మాత్రం ముట్టకు అన్నాను.

జై తెలంగాణ గొడవలు జరిగిన ఏడు కామెర్లతో నా మనిషి పోయాడు. చంకలో చిన్న బిడ్డ. ఏడ్చి ఏడ్చి, తినక తినక నా ఒళ్ళు చిక్కిపోయింది. బీడీల చాట ముందు కూర్చుంటే ఆకు కత్తిరిస్తూనే పక్కకు ఒరిగేదాన్ని. నిద్ర లేచినా అలసటే, నీళ్ళ బిందె చూసినా అలసటే. మా అత్త మంజీర అవతల, మరాఠీ మాట్లాడే ఊళ్ళ నుంచి వచ్చిన మనిషి. తుమ్మ బంకను ఆమె డింకు అనేది. పోయింది ఆమె కొడుకే. అయినా ఒకనాడు కళ్ళు తుడుచుకుని లేచి, రోలు కడిగింది.

"మనసు ఎండితే ఏడుస్తె తడుస్తది. పెయ్యి ఎండితే నెయ్యి పొయ్యాలె" అంది. పెయ్యి అంటే మా దిక్కు ఒళ్ళు.

ఆమె పక్కన కూర్చునే నేర్చుకున్నాను. పెన్నేరు గడ్డను, అదే అశ్వగంధను, పాలలో ఉడికించి, కడిగి ఎండబెట్టాలి. శతావరి అనే పిల్లితీగ గడ్డల పొట్టు తీసి, లోపలి ఈనె లాగేసి, అవీ ఎండబెట్టాలి. రెండూ దంచి పల్చని బట్టలో జల్లించాలి; నాలుకకు గరుకు తగిలితే మళ్ళీ రోట్లోకే. పొలం గట్ల మీది తుమ్మ చెట్లకు పట్టిన బంకను ఏరి తెచ్చి, మా బర్రె నెయ్యిలో వేస్తే పేలాల లాగా ఉబ్బుతుంది. ఉబ్బిన బంక లోపల గట్టిగా ఉందంటే మంట ఎక్కువైనట్టు. వేయించిన నువ్వులు, తురిమిన ఎండుకొబ్బరి కుడుక, శొంఠి, కొంచెం పిప్పళ్ళ పొడి. బెల్లం పాకం పొయ్యి మీది నుంచి దించి అన్నీ అందులో కలిపి, చేతులు కాలుతుండగానే కట్టాలి. చల్లారాక కట్టిన ముద్ద నిలవదు. నా అరచేతులు ఇప్పటికీ మొద్దుబారి ఉంటాయి, చూడండి.

చేయడం కన్నా తినిపించడం పెద్ద పని. పొద్దున పరగడుపున నన్ను ఎదురుగా కూర్చోబెట్టుకుని, ముద్ద మొత్తం మింగేదాకా మా అత్త కదిలేది కాదు.

"కట్టిన చేతుల ముంగటనే తినాలె. డబ్బల బెట్టి పంపితే అది మందు గాదు, పెండ్లి పలారం" అనేది.

తిన్నాక చెద్దరు కప్పి పండబెట్టేది. బీడీల చాట నాకు అందకుండా అటక మీద పెట్టేది. కడుపులో ముద్ద కరిగేదాకా లేవొద్దని ఆమె చట్టం. అత్త కోడలికి నెయ్యి ముద్ద పెట్టి కావలి కాయడం మా వాడలో అంతకు ముందు ఎవరూ చూడలేదు. ఆ చలికాలం పోయేసరికి నేను నీళ్ళ బిందె చంకనెత్తుకుని, రెండోది నెత్తిన పెట్టుకుని వచ్చాను. ఆమె వాకిట్లో నిలబడి కళ్ళారా చూసి లోపలికి పోయింది. నాకు అది చాలు.

ఆమె పోయాక రోలూ, బర్రె, ఈ విద్యా నాకు మిగిలాయి.

కొన్నేళ్ళ తరువాత పక్కింట్లో ఒక ఆపద వచ్చింది. ఆ ఇంటికీ మా ఇంటికీ మధ్య ఒక్క మట్టి గోడ. అది కూడా వానలకు ఒక పక్క కూలి, మనిషి దాటేంత సందు పడింది. ఆ ఇంట్లో నేను పెద్దవ్వ అని పిలిచే ముసలామె, పెదనాయిన అని పిలిచే ఆమె మొగుడు, ఇద్దరు కొడుకులు, పెద్దకొడుకు పెళ్ళాం. నిజాంసాగర్ కాలువ కింద వాళ్ళకు పొలం ఉంది. ఆ కోడలు పిల్ల నన్ను వదినె అనేది, నేను మరదలా అని ఆటపట్టించేదాన్ని. ఆ ఎండాకాలం దానికి కడుపు పోయింది. రక్తం చాలా పోయింది. ఆ తరువాత మనిషి లేవలేదు. గోడ పట్టుకుని నడిచేది, చెంబు ఎత్తితే చెయ్యి వణికేది.

దవాఖానలో డాక్టరమ్మ చూసి, రక్తం తక్కువైంది, మంచిగా తినాలి, పండుకోవాలి అని చెప్పి ఎర్ర మందు సీసా ఇచ్చింది. ఆమె సరిగ్గానే చెప్పింది. కానీ సీసా అయిపోయినా పిల్ల ముఖంలోకి రంగు రాలేదు.

ఒక మధ్యాహ్నం బర్రెకు గడ్డి వేస్తుంటే గోడ అవతల పెద్దవ్వ గొంతు వినబడింది. పెద్దకొడుకుతో అంటోంది:

"నాట్లు పడే నాటికి లేస్తే లేసినట్టు. లేకుంటే తల్లిగారింటికి తోలిస్తం. ఒంగలేని కోడలు ఇంటికి ఎందుకురా? నీకు ఇంకో పిల్లను జూస్త."

కొడుకు చెప్పుల చప్పుడు బజారు వైపు పోయింది. ఆ పిల్లకు తల్లిగారిల్లంటే మాటకే ఇల్లు. రుద్రూర్ అవతల పల్లెలో అన్న ఉన్నాడు, వదినె ఉంది. తల్లీ తండ్రీ లేరు. ఒకసారి అక్కడికి తోలితే మళ్ళీ ఎవరూ తీసుకురారు.

ఇగ ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. మొగుడు పోయిన ఆడదాని ముఖం పొద్దున్నే చూస్తే పని చెడుతుందని మా దిక్కు పట్టింపు. బయటికి పోయేవాళ్ళు నేను ఎదురైతే వెనక్కి తిరిగి, ఇంట్లో ఇన్ని నీళ్ళు తాగి, కాసేపు కూర్చుని మళ్ళీ బయలుదేరేవాళ్ళు. పక్కింటి పెదనాయినకైతే ఈ పట్టింపు మరీ ఎక్కువ. పొద్దున తలుపు తీసే ముందు లోపలి నుంచే దగ్గేవాడు, నేను వాకిట్లో ఉంటే లోపలికి పొమ్మని. నేను చీపురు పట్టుకుని ఇంకా కాసేపు ఊడ్చేదాన్ని. ఊడ్చిన చోటే ఊడ్చేదాన్ని. పాపం, దగ్గి దగ్గి ఆయన గొంతు కూడా నా గొంతు లాగా అయింది.

అయినా వాళ్ళింట్లోకి మాత్రం మధ్యాహ్నం దాటితేనే పోయేదాన్ని. ఆ రోజూ పొద్దు వాలాకే పోయి, పిల్ల చెయ్యి పట్టుకున్నాను.

"పిడికిలి బిగియ్యే మరదలా."

వేళ్ళు సగం ముడుచుకుని ఆగిపోయాయి. "బొటనవేలు నా మాట ఇంటలేదు వదినె" అని నవ్వబోయింది. ఆ గుప్పిట్లో నిమ్మకాయ కూడా నిలవదు. ఎనిమిదేళ్ళ పిల్ల పిడికిలి కూడా అంతకన్నా గట్టిగా ఉంటుంది. నాట్లేసే ఆడదానికి ఎడమ పిడికిలే ప్రాణం. నారు కట్ట దానిలోనే నిలవాలి.

అంగడి రోజు తండా నుంచి గడ్డలు తెచ్చి అమ్మే ఆమె దగ్గర పెన్నేరూ పిల్లితీగా ఏరి తీసుకున్నాను. బర్రె నెయ్యి మొత్తం దానికే పెట్టాను. నిమ్మకాయంత ముద్దలు కట్టి, పొద్దున్నే వాళ్ళింటికి పోలేను కాబట్టి డబ్బాలో పెట్టి పెద్దవ్వ చేతికి ఇచ్చాను. పొద్దున పరగడుపున ఒకటి, తిన్నాక పండుకోవాలి అని చెప్పి వచ్చాను.

వాన మబ్బులు పట్టాయి. నారుమడులు పచ్చబడ్డాయి. సాగర్ నీళ్ళు వదులుతారని రోజూ ఎవరో ఒకరు కబురు తెస్తున్నారు. పిల్ల మాత్రం అట్లాగే ఉంది, ఇంకా తెల్లబడింది. నాకు తిండి సయించలేదు. గడ్డలు పుచ్చినవా? బంక మాడిందా? మిగిలిన పొడి నాలుక మీద వేసుకుని చూశాను. రుచి మా అత్త చేసినదే. మరి ఎక్కడ తప్పింది?

ఒకనాడు మధ్యాహ్నం బర్రె పాలు పిండుతుంటే పక్కింటి చిన్నకొడుకు గోడ సందులో నిలబడి అడిగాడు:

"అక్కా, గా ముద్దలు ఒడిసినయ్. మల్ల జేస్తవా? మస్తుగున్నయ్."

నా చేతిలో పాల ధార ఆగిపోయింది. "నీకెట్ల ఎరుకరా మస్తుగున్నయని?"

"తిన్న గద! బాపుకైతే మస్తు పసందయినయ్. అన్న రెండేసి తిన్నడు."

"మీ వదినె?"

వాడు తల గోక్కున్నాడు. "ఆమెనే పెట్టింది మాకు. తిన్నదో లేదో నాకేమెరుక?"

అప్పటికప్పుడే, ఎండ వాలిందో లేదో చూసుకోకుండా వాళ్ళింటికి పోయాను. తక్కిన మొగోళ్ళు పొలానికి పోయారు. పిల్ల మూలకు పండుకుని ఉంది.

"ఏందే మరదలా, మందు ఇల్లంత పంచినవా?"

లేచి కూర్చుంది. "ఇంట్ల మొగోళ్ళు ఉండంగ కోడలు నెయ్యి ముద్ద మింగుతదా వదినె? నాకు గొంతు దిగుతదా? నేనే ఇచ్చిన. డబ్బ అడుగున ఇంత పొడి ఉంటే నాకిన."

"మరి ఎర్ర సీస?"

"అది సుత అందరు తలా చెంచెడు తాగిండ్రు. మంచి మందు గద, ఒక్కదాన్నే ఎట్ల తాగుత?"

నా నోటికి అప్పుడు వచ్చిన మాటలను మనవరాలు రాయనంటోంది. సరే, వదిలేయమన్నాను. పిల్లను ఏమీ అనలేదు. దాని తప్పేముంది? మా ఇళ్ళలో పుట్టిన ఏ ఆడపిల్లయినా అదే చేస్తుంది. వండినది ముందు మొగవాళ్ళకు, తరువాత అత్తకు, గిన్నె అడుగు తనకు. డబ్బాలో పంపితే మందు కాదు, పలారం అవుతుందని మా అత్త ఊరికే అనలేదు.

ముఖం కడుక్కుని వచ్చిన పెద్దవ్వను అక్కడే నిలబెట్టాను.

"పెద్దవ్వా, మల్ల ముద్దలు గడత. గని ఈసారి డబ్బ రాదు. పొద్దుగాల నీ కోడలు నా ఇంటికి రావాలె, నా ముంగట తినాలె, నా ఇంట్లనే పండాలె."

పెద్దవ్వ నడుము మీద చేతులు పెట్టుకుంది. "ఏందీ? పొద్దుపొద్దుగాల మా కోడలు నీ ముఖం జూడాల్నా?"

"జూస్తె ఏమైతది?"

"ఏమైతదో నీకెరుక లేదా బిడ్డా? నా నోట అనిపియ్యకు."

"కడుపు పాయె. రక్తం పాయె. రేపు ఇల్లు సుత పోతది. నా ముఖం జూస్తె పోనీకె దానికి ఇంకేం మిగిలింది పెద్దవ్వా?"

నేను ఆగలేదు.

"మీ మొగోళ్ళు సుత రావచ్చు, నేను వద్దంటున్ననా? పొద్దుగాల మంచిగ నా ముఖం జూసుకుంట తలా ఒక ముద్ద తినుండ్రి. పెదనాయిన కోసం పెద్దది గడత!"

పెద్దవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నవ్వు ఆపుకోలేదు ఆమె. "ముసలోడు నీ గడప తొక్కుడా! ఆకలితోని సస్తడు గని రాడు" అంది. తరువాత గొంతు తగ్గించింది. "నాట్ల దాంక. గంతే. గోడ సందుల నుంచి రావాలె. బజారుల నుంచి వస్తె నలుగురు జూస్తరు."

వాడ అంతా చూడకూడదనుకున్న ముఖమే ఆ పిల్ల ముద్దకు కావలి అయింది. పొద్దున్నే నా ఇంటి వైపు ఏ మొగవాడూ కన్నెత్తి చూడడు. ఇంకెవరు పంచుకుంటారు?

మొదటి రోజు పిల్ల గోడ సందు దాటి వచ్చింది, కొంగు కళ్ళ మీదికి లాక్కుని. అత్త చెప్పి పంపినట్టుంది.

"కండ్లు మూసుకొని తింటె ముక్కుల బెట్టుకుంటవే. తియ్యి కొంగు!"

తీసింది. నన్ను చూసింది. ఏమీ కాలేదు. ఇంటి కప్పు కూలలేదు, బర్రె పాలు ఎండలేదు. ముద్ద కొరికింది. సగం అయ్యాక నమలడం ఆపి పక్కకు తిరిగింది. చెయ్యి నడుము దగ్గరికి పోయింది.

"రొండిల ఏం దోపుకుంటున్నవే?"

"ఆయనకు సగం..."

"ఆయన పిడికిలి నేను కొలిచిన్నా? తియ్యి బయటికి!"

తీసి తిన్నది. కళ్ళ నుంచి నీళ్ళు కారుతుంటే తిన్నది. ఒక్కతే, తనకోసమే కట్టిన ముద్దను, మొత్తంగా. ఇట్లా ఎప్పుడైనా తిన్నావా అని నేను అడగలేదు. చెద్దరు కప్పి తలుపు దగ్గరగా వేశాను. చెద్దరు కింద కాసేపు మెలికలు తిరిగింది, అలవాటు లేక. తరువాత నిద్ర పోయింది.

రోజూ గోడ మీది నుంచి పెద్దవ్వ అరిచేది: "మహారాణి లేసిందా?"

"లేదు పెద్దవ్వా, కడుపుల ముద్ద ఇంకా కరగలే!"

"ముద్దనా, బండనా అది?"

"నువ్వొచ్చి మింగి జూడరాదు!"

ఆ పక్క నుంచి పెదనాయిన దగ్గు.

నిమ్మకాయంత ముద్దతో మొదలుపెట్టాను. రోజులు పోతుంటే పిల్ల పిడికిలి పెరిగింది. వేళ్ళ సందుల్లో కండ పట్టింది, బొటనవేలు తక్కిన వేళ్ళ మీదికి వచ్చి కూర్చుంది. మళ్ళీ కట్టిన ముద్దలు సీతాఫలం పిందెంత ఉన్నాయి. ఒక పొద్దున నేను చెప్పకముందే చీపురు అందుకోబోయింది. లాక్కుని మళ్ళీ పండబెట్టాను. ముద్ద ఒక్కటే పనిచేసిందా, నిద్ర కూడా పనిచేసిందా అని ఎవరైనా అడిగితే, రెండూ నా ఇంట్లోవే అంటాను.

సాగర్ నీళ్ళు వదిలారు. కాలువ నిండింది. వాళ్ళ పొలంలో తొలి నాటు అన్న రోజు వచ్చింది.

వాకిలి ఊడ్చి పెదనాయినను దగ్గించడం వేరు, తొలి నాటు వేరు. అది ఇంటిల్లిపాది అన్నం. ఆ రోజు పొద్దున్నే నేనే తలుపు వేసుకుని లోపల ఉండిపోయాను, నాట్ల ముఠా బజారు దాటి పోయేదాకా. ఆడవాళ్ళ మాటలు, గాజుల చప్పుడు వినబడుతున్నాయి. పిల్ల వాళ్ళలో ఉందో లేదో తెలియదు. పొయ్యి ముందు కూర్చుని చెవులు అటే పెట్టాను.

నా తలుపు గొళ్ళెం చప్పుడైంది. గోడ సందు వైపు కాదు, బజారు వైపు.

"వదినె, బయటికి రా."

"పోవే పిచ్చిదాన, ముఠా పోనీ ముందుగాల!"

"నువ్వొస్తెనే పోత."

"మీ అత్త సంపుతది నన్ను!"

"నీ ముఖం జూసే లేసిన. జూడకుండ ఎట్ల ఒంగాలె? తియ్యి తలుపు."

తీశాను. బజారంతా ఆడవాళ్ళు, చీరలు మోకాళ్ళ దాకా ఎగ్గట్టుకుని నిలబడి ఉన్నారు. అందరూ నా గడప వైపే చూస్తున్నారు. పిల్ల నా ముందు ఎడమ పిడికిలి చాపింది.

"కొలువు."

పట్టుకున్నాను. వేళ్ళు విప్పబోయాను, రాలేదు. నా చేతులు పట్టకారుల్లాంటివి, అయినా రాలేదు. పిల్ల నవ్వుతోంది. వెనక ముఠాలో ఎవరైనా నీళ్ళు తాగడానికి వెనక్కి తిరుగుతారేమో అని నేను వాళ్ళ కాళ్ళే చూస్తున్నాను. పెద్దవ్వ నెత్తిన గంపతో ముందుకు వచ్చింది. నన్ను చూసింది, కోడలి పిడికిలిని చూసింది.

"కొలిచిండ్రు గద, ఇగ నడువుండ్రి. ఎండ ముదురుతది, నారు వాడుతది" అంది.

ఒక్కరూ వెనక్కి తిరగలేదు. ఆ రోజు సాయంత్రం దాకా ఆ పిల్ల బురదలో ఒంగి నాటు వేసింది. చీకటి పడేముందు పెద్దవ్వ గోడ సందులో నుంచి వచ్చి, ఒక చెంబెడు చల్ల నా గడప మీద పెట్టింది. "దాని బట్టలు మూట విప్పిన" అన్నది, ఎవరితోనో చెప్పినట్టు. పుట్టింటికి తోలడానికి ఆ మూట ముందే కట్టి పెట్టిందని నాకు అప్పుడే తెలిసింది.

ఆ గోడను వాళ్ళు మళ్ళీ కట్టలేదు.

తరువాత కోటగిరి దిక్కు నుంచి కూడా బలం లేని ఆడవాళ్ళను తీసుకొచ్చేవాళ్ళు. అందరికీ ఒక్కటే మాట చెప్పేదాన్ని. డబ్బా లేదు. పొద్దున్నే రావాలి, నా ముఖం చూడాలి, నా ముందు తినాలి. నా ముఖానికి భయపడేవాళ్ళకు నా ముద్ద లేదు.

కొన్నేళ్ళకు పెదనాయినకు చలిజ్వరం వచ్చి, మనిషి కట్టెలాగా అయ్యాడు. ఒక పొద్దున వాకిలి ఊడుస్తుంటే బజారు వైపు నుంచి ఆ పాత దగ్గు వినబడింది. అలవాటుగా ఇంకో రెండు ఊపులు ఊడ్చాను. దగ్గు ఆగలేదు, దగ్గరికి వచ్చింది. తల ఎత్తితే, చంకలో కొడుకును ఎత్తుకున్న కోడలు, ఇంకో చేత్తో మామను పట్టుకుని నా గడప ముందు నిలబడి ఉంది.

"ముఖం జూసినవా పెదనాయినా?" అని అడిగాను.

"జూసిన బిడ్డా" అన్నాడు, వణికే పిడికిలి చాపి. "కొలువు."